రోబోతో నాన్నగారి చెయ్యి వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 57 ఏళ్లు. ఖమ్మంలో కిరాణా కొట్టు. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. కాలు బాగానే వచ్చింది, కర్ర లేకుండా నడుస్తున్నారు. చెయ్యే రాలేదు. భుజం దగ్గర కాస్త ఎత్తగలరు. మోచెయ్యి వంచుతారు కానీ పూర్తిగా చాపలేరు. బొటనవేలు, చూపుడువేలు కొంచెం తెరుచుకుంటాయి, మిగతా మూడూ అరచేతిలోకి ముడుచుకునే ఉంటాయి. రాత్రిళ్లు భుజం నొప్పితో నిద్ర లేదు. హైదరాబాద్‌లో ఒక సెంటర్‌వాళ్లు రోబోటిక్ థెరపీ 24 సెషన్లు, వారానికి రెండు చొప్పున చేయించాలన్నారు. 60 వేలు ముందే కట్టాలట. రోబో పెడితే చెయ్యి మామూలుగా వస్తుందా? ఇంట్లో బంతి నొక్కిస్తున్నాం, గుమ్మానికి కప్పీ కట్టి తాడు లాగిస్తున్నాం. ఇంకేం చేయాలి?
ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: 60 వేలు ఇప్పుడే కట్టకండి. రోబో పనికిరాదని కాదు. మీ నాన్నగారి చేతికి ఇప్పుడు అడ్డం పడుతున్నవి రెండు: భుజం నొప్పి, వేళ్ల బిగుతు. ఈ రెండూ రోబోతో తగ్గేవి కావు. వాటిని అలాగే ఉంచి మొదలుపెడితే సగం సెషన్లు నొప్పితోనే గడుస్తాయి. మిగతా సగంలో మోచెయ్యి కాస్త చాపడం వచ్చినా వేళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంకో మాట, గుమ్మానికి కట్టిన కప్పీని ఈ రోజే విప్పేయండి. ఎందుకో కింద చెబుతాం.

మామూలుగా వస్తుందా అన్నారు. పక్షవాతం తర్వాత చెయ్యి కోలుకునే వేగం మొదటి మూడు నెలల్లో ఎక్కువగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది. ఆరు నెలలు దాటితే ఇక అంతే అనే మాట మాత్రం నిజం కాదు, ఆ తర్వాత కూడా గట్టి సాధనతో మెరుగుపడినవాళ్లున్నారు. అలాగని, ఐదో నెలలో మూడు వేళ్లు తెరుచుకోని చెయ్యి మునుపటిలా చకచకా పొట్లాలు కడుతుందని ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు. బొటనవేలు, చూపుడువేలు తమంతట తాము కొంచెమైనా తెరుచుకోవడం మంచి గుర్తే. మా అంచనాలో ఆయన అందుకోగలిగింది సాయం చేసే చెయ్యి. ఎడమ చేత్తో కందిపప్పు పోస్తుంటే కుడి చేత్తో కవరు మూతి తెరిచి పట్టుకోవడం, మూత తిప్పేటప్పుడు డబ్బా కదలకుండా అదిమి పట్టడం, నోట్లు లెక్కపెట్టేటప్పుడు కట్ట జారకుండా ఆపడం లాంటివి. కొట్లో కూర్చునే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఇక రోబో సంగతి. ఇది టేబుల్‌కో కుర్చీకో బిగించిన యంత్రపు చెయ్యి, అంతే. రెండు రకాలుంటాయి. మొదటి రకం చేతి చివరను మాత్రమే పట్టుకుంటుంది. రోగి ఒక పిడిని పట్టుకుంటారు, పట్టు లేకపోతే గుప్పిటని పట్టీతో కట్టేస్తారు, ఆ పిడి బల్ల మీద అన్ని వైపులకీ జరుగుతుంది. అమెరికాలోని ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మనో ఇగో క్రెబ్స్ తదితరులు తయారుచేసిన ఎంఐటీ-మానస్ ఇలాంటిదే, 1990ల నుంచీ రోగుల మీద వాడి చూస్తున్నారు. రెండో రకం చొక్కా చేతిలా జబ్బ నుంచి మణికట్టు దాకా తొడిగేది. మన కీళ్ల పక్కనే దాని కీళ్లూ ఉంటాయి. స్విట్జర్లాండ్‌కి చెందిన హోకోమా కంపెనీ ఆర్మియో ఈ రకం. ఇందులో ఒక మెలిక ఉంది. ఆర్మియో స్ప్రింగ్ అనే మోడల్‌కి మోటార్లు ఉండవు. స్ప్రింగులు చేతి బరువు మోస్తాయి, కదిలించాల్సింది రోగే. ఆర్మియో పవర్‌కి మోటార్లుంటాయి. రెండింటినీ రోబో అనే పిలుస్తారు కాబట్టి మీరు చూసిన సెంటర్లో ఉన్నది ఏదో పేరుతో సహా అడగండి.

వేళ్లకి వేరే యంత్రాలున్నాయి. ఆస్ట్రియా కంపెనీ టైరోమోషన్ తయారుచేసే అమాడియో ఒక్కో వేలినీ విడిగా ముడిచి చాపుతుంది. మన దేశంలో వెల్లూరు సీఎంసీ, ఐఐటీ మద్రాస్ కలిసి ప్లూటో అనే చిన్న యంత్రం చేశాయి. బల్ల మీద పెట్టుకునేది, ఒక్కటే మోటారు. దానికి పిడులు మార్చుకుంటూ మణికట్టు వంచడం, ముంజేయి తిప్పడం, గుప్పిట తెరవడం ఒక్కొక్కటీ సాధన చేయిస్తారు. ఈ తేడా మీ డబ్బుకి సంబంధించింది. ఎందుకంటే ఏ కీలుకి సాధన చేస్తే ఎక్కువగా ఆ కీలే బాగుపడుతుంది. భుజం, మోచెయ్యి యంత్రం మీద 24 కాదు, 48 సెషన్లు చేసినా దానివల్ల గుప్పిట తెరుచుకోదు.

పరిశోధనల్లో ఏం తేలిందో బ్రోచర్లో వేయరు కాబట్టి ఇక్కడ చెబుతాం. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 127 మంది మీద జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. 12 వారాల్లో 36 సెషన్లు చేయించారు. రోబో మీద చేసినవాళ్లూ, అంతే తీవ్రంగా థెరపిస్టు చేయించినవాళ్లూ దాదాపు సమానంగా బాగుపడ్డారు. బ్రిటన్‌లో 770 మందితో చేసిన రాటుల్స్ అధ్యయనం 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వారానికి మూడు సార్లు, 45 నిమిషాల చొప్పున, 12 వారాలు. చేతి పనితనంలో ముందే నిర్ణయించుకున్నంత మెరుగుదల రోబో మీద చేసినవాళ్లలో 44 శాతం మందికి, థెరపిస్టు దగ్గర అదనపు సాధన చేసినవాళ్లలో 50 శాతం మందికి, మామూలు వైద్యం పొందినవాళ్లలో 42 శాతం మందికి కనిపించింది. రోబోతో కదలిక కాస్త మెరుగైనా అది బొత్తాం పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం దాకా రాలేదన్నమాట. మరోవైపు, 45 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ సమీక్ష మాత్రం రోబో సాధనతో రోజువారీ పనులూ చేతి బలమూ మెరుగవుతున్నాయనే తేల్చింది.

ఈ ఫలితాలు ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి గానీ, లోపల ఉన్నది ఒకటే లెక్క. ఉత్తర అమెరికాలో థెరపీ సెషన్లలో పక్కన కూర్చుని లెక్కపెడితే, పనికొచ్చే చేతి కదలికలు సెషన్‌కి సగటున 32 తేలాయి. 2010 అధ్యయనంలో రోబో మీద సెషన్‌కి వెయ్యికి పైగా చేయించారు. మెదడులో కొత్త దారి పడాలంటే అదే కదలిక వందల సార్లు జరగాలి, అలసిపోకుండా ఆ వందలు చేయించగలగడమే రోబో ఇచ్చేది. మనిషి చేయించినా ఇంట్లో మీరు చేయించినా ఆ సంఖ్య వస్తే ఫలితం దగ్గరదగ్గరగా ఉంటుంది. కాబట్టి మీరు కొంటున్నది యంత్రాన్ని కాదు, సంఖ్యని.

అయితే ఆ వెయ్యిలో మీ నాన్నగారివి ఎన్ని, యంత్రానివి ఎన్ని? మొత్తం గుట్టు ఇక్కడుంది. ఎంఐటీ-మానస్ తరహా ఆట ఎలా ఉంటుందంటే, తెర మధ్యలో ఒక చుక్క, చుట్టూ గడియారంలో అంకెల్లా ఎనిమిది చుక్కలు. ఒకటి వెలుగుతుంది, పిడిని అటు తోయాలి. యంత్రం కాస్త ఆగి చూస్తుంది. చెయ్యి కదిలితే దారి తప్పకుండా పక్కన కాపు కాస్తుంది. కదలకపోతే తనే తీసుకెళ్తుంది. రోగి మెదడుకి ఈ సంగతి రెండు రోజుల్లో తెలిసిపోతుంది, ఎవరో మోస్తుంటే తను మోయడం మానేస్తుంది. చెయ్యి వదిలేసి తెర చూస్తూ కూర్చున్నా చుక్కలు తగులుతూనే ఉంటాయి, స్కోరు పెరుగుతూనే ఉంటుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. చేతిలో మాత్రం మార్పు ఉండదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. సెషన్ జరుగుతుండగా థెరపిస్టుని అడిగి, నాన్నగారి జబ్బ వెనక వైపు, మోచేతికి నాలుగు వేళ్లు పైన మీ వేళ్లు ఆనించండి. చెయ్యి ముందుకు వెళ్లే ప్రతిసారీ అక్కడి కండ గట్టిపడాలి. పదిసార్లలో ఏడెనిమిది సార్లు గట్టిపడుతుంటే పని ఆయనే చేస్తున్నారు. మెత్తగా ఉండిపోతే వ్యాయామం రోబోకి జరుగుతోంది. అప్పుడు సాయం తగ్గించమనండి. మోటారు యంత్రాల్లో, అవసరమైనంతే సాయం చేసే పద్ధతి ఒకటి ఉంటుంది, అందులో పెట్టాలి. స్ప్రింగు యంత్రమైతే బరువు మోసే స్థాయిని ఒక్కో మెట్టు దించాలి. మొదటి రోజు ఎంత పెట్టారో, ఆరో సెషన్‌కి ఎంత ఉందో రాసి చూపించమనండి. అదే అంకె ఉంటే ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

కూర్చోబెట్టడంలోనే సగం పొరపాట్లు జరుగుతాయి. వీపు ఆనే కుర్చీ, పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి. ఛాతీకి అడ్డంగా పట్టీ కట్టాలి. కట్టకపోతే మోచెయ్యి చాపకుండా నడుం ముందుకు వంచి చుక్కని అందుకుంటారు, యంత్రానికి ఆ తేడా తెలియదు. భుజం చెవి వైపు లేవడం కూడా అలాంటి దొంగతనమే. తొడుగు రకం యంత్రమైతే జబ్బ పొడవు, ముంజేయి పొడవు కొలిచి, మోచేతి కీలుకి ఎదురుగా యంత్రపు కీలు వచ్చేలా బిగించాలి. రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే వంచిన ప్రతిసారీ పట్టీ చర్మాన్ని లాగుతుంది, భుజాన్ని పైకి నెడుతుంది. సెషన్ తర్వాత పట్టీ పడ్డచోట అరగంట దాటినా ఎరుపు పోకపోతే బిగింపు తప్పే. మొదట్లో చెయ్యి భుజం ఎత్తుని దాటనివ్వకూడదు. ఇక తెర మీద ఆట ఎంత మేర జరగాలో మొదట చెయ్యి తిప్పి నమోదు చేస్తారు. ఆ తిప్పడం నాన్నగారే చేయాలి. థెరపిస్టు చెయ్యి పట్టుకుని తిప్పి నమోదు చేస్తే, ఆయన అందుకోలేని చోట చుక్కలు వస్తాయి, విసుగొచ్చి వదిలేస్తారు.

రోజూ మొదలుపెట్టే ముందు బీపీ చూడాలి. 180/110 దాటితే ఆ రోజుకి ఆపి డాక్టరుకి చెప్పాలి. షుగర్ ఉంటే ఖాళీ కడుపుతో కూర్చోబెట్టొద్దు, అలాగని కడుపునిండా భోంచేసిన వెంటనే కూడా వద్దు. ఉదయం టిఫిన్ అయిన గంటకి మంచి వేళ. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి.

ఇప్పుడు భుజం. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నప్పుడు ఏ యంత్రం మీదా చెయ్యి పెట్టొద్దు, ముందు కారణం తెలియాలి. ఆయన్ని కూర్చోబెట్టి, చెయ్యి పక్కన వేలాడుతుండగా, భుజం కొసన ఉన్న ఎముక కింద తడిమి చూడండి. ఎడమ వైపు లేని గుంట కుడి వైపు ఉండి, అందులో వేలు పడితే భుజం కీలు కిందికి జారినట్టు. గుంట లేకుండా, మీరు చెయ్యి బయటివైపు తిప్పబోతే గట్టిగా అడ్డుకుంటే బిగుసుకుపోయిన భుజం కావచ్చు. అరచేతి వెనక వైపు వాచి, వెచ్చగా, నిగనిగలాడుతూ, వేళ్లు వంచబోతే కేక పెట్టేంత నొప్పి ఉంటే అది వేరే జబ్బు. భుజం, చెయ్యి రెండూ పట్టేసే ఆ సమస్యకి మందులు తొందరగా మొదలుపెట్టాలి, ఆ వారంలోనే డాక్టరుకి చూపించండి.

కప్పీ విప్పమన్నది ఇందుకే. తాడు లాగుతుంటే చెయ్యి పైకి పోతుంది గానీ, పక్షవాతం వచ్చిన వైపు రెక్క ఎముక దానితోపాటు తిరగదు. జబ్బ ఎముక తల పైనున్న ఎముకకి కొట్టుకుని, మధ్యలో ఉన్న మెత్తటి భాగాలు నలుగుతాయి. ఎడమ చేతి బలంతో లాగుతారు కాబట్టి ఎక్కడ ఆపాలో కుడి భుజానికి తెలియదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాల్లో కూడా తలపైకి లాగే కప్పీ వద్దనే ఉంది. ఆయన్ని మంచం మీంచి లేపేటప్పుడు చంకలో చెయ్యి వేసి లాగడం, ఆ చెయ్యి పట్టుకుని గుంజడం కూడా మానండి. నడుం దగ్గర పట్టుకుని లేపాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు చివర కుడి చెయ్యి. కూర్చున్నప్పుడు ముంజేయి కింద దిండు. పడుకున్నప్పుడు కుడి జబ్బ కింద కూడా పల్చటి దిండు పెట్టి ముందుకు ఉండేలా చూడండి. మెడకి వేలాడే గుడ్డపట్టీ నిలబడినప్పుడు, నడిచేటప్పుడు చాలు. రోజంతా వేస్తే మోచెయ్యి వంగినట్టే బిగుసుకుంటుంది.

వేళ్ల దగ్గర ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: కండ బిగుతా, కీలే గట్టిపడిందా? నాన్నగారి మణికట్టుని నెమ్మదిగా కిందికి వంచండి. అలా వంచి ఉంచి, ముడుచుకున్న వేళ్లని ఒక్కోటీ మెల్లగా, పది సెకన్లు తీసుకుని విప్పండి. మణికట్టు వంగినప్పుడు వేళ్లు తేలిగ్గా తెరుచుకుని, మణికట్టు లేపగానే మళ్లీ ముడుచుకుంటే సమస్య కండలో ఉంది. మణికట్టు వంచినా తెరుచుకోకపోతే కీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. మొదటిదానికి, కండ బిగుతుని వదులు చేసే బొటులినం ఇంజెక్షన్ పనిచేస్తుంది, రెండోదానికి చేయదు. ఇంజెక్షన్ విషయం న్యూరాలజిస్టుతోగానీ, పునరావాస వైద్యంలో పీజీ చేసిన డాక్టరుతోగానీ మాట్లాడండి. దాని ప్రభావం వారంలోపు మొదలై, నెల, నెలన్నర దగ్గర బాగా పనిచేసి, సుమారు మూడు నెలలకి దిగిపోతుంది. అందుకే వరుస ముఖ్యం. సెషన్లన్నీ అయిపోయాక ఇంజెక్షన్ చేయించడం మనవాళ్లు తరచుగా చేసే తప్పు. ముందు ఇంజెక్షన్, పది రోజుల తర్వాత గట్టి సాధన, ఆ మూడు నెలల్లో ఒక్క వారం కూడా పోకూడదు. ఇంజెక్షన్ వేళ్ల బిగుతునే వదులు చేస్తుంది, తెరవడం నేర్పేది సాధనే. కండ బిగుతు తగ్గడానికి ఇచ్చే బాక్లోఫెన్ మాత్ర వాడుతుంటే, వేసుకున్నాక మగతగా ఉండే గంటలో సెషన్ పెట్టొద్దు. ఆ మాత్రని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపనూ వద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

బంతి నొక్కడం కూడా మానిపించండి. గుప్పిట బిగించడం ఆయనకి ఇప్పటికే వచ్చు, అవసరమైన దానికంటే ఎక్కువే వచ్చు. రానిది తెరవడం. పావురం రక్తం రాయమని ఎవరైనా చెబితే ఆ మాట వినకండి, దానివల్ల వచ్చేది చర్మానికి జబ్బే.

నొప్పి తగ్గి, వేళ్ల విషయం డాక్టరు చూశాక రోబోకి వెళ్లాలనుకుంటే ఇలా వెళ్లండి. ఖమ్మం నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్లు. వారానికి రెండు సార్లు వెళ్లొస్తే ఆ రెండు రోజులూ ప్రయాణపు అలసటే, గంట సెషన్‌లో ఆయనకి మిగిలే శక్తి పావుగంటది. పైగా వారానికి రెండు అనేది ఈ సాధనకి పల్చన. అక్కడ బంధువులుంటే రెండు వారాలు ఉండి, వారానికి ఐదు చొప్పున పది సెషన్లు చేయించండి. పదికే డబ్బు కట్టండి. 24కి తగ్గింపు ఇస్తామన్నా వద్దు.

కట్టే ముందు వాళ్లని అడగాల్సినవి కొన్ని. యంత్రం భుజానికా, వేళ్లకా? గంటలో ఎన్ని కదలికలు అవుతాయి, ఆ లెక్క సెషన్ చివర కాగితం మీద ఇస్తారా? ఒక థెరపిస్టు మా నాన్నగారి పక్కనే ఉంటారా, లేక నలుగురిని నాలుగు యంత్రాల మీద కూర్చోబెట్టి మధ్యలో తిరుగుతారా? చివరి ఇరవై నిమిషాలు యంత్రం దింపి నిజమైన వస్తువులతో, అంటే గ్లాసుతో, కవరుతో, డబ్బాతో చేయిస్తారా? ఈ ఆఖరిదానికి లేదన్నారంటే వేరే చోటు చూసుకోండి. రాటుల్స్ ఫలితం మర్చిపోవద్దు: యంత్రం మీద వచ్చిన కదలిక తనంతట తాను పనిలోకి దిగదు, దాన్ని దింపాలి.

మొదటి రోజే కొలతలు తీయించి అంకెలు మీ దగ్గర రాసుకోండి. చేతి కదలికకి ఫ్యూగల్-మేయర్ అనే పరీక్ష ఉంది, మొత్తం 66 మార్కులు. పనితనానికి ఏరాట్ పరీక్ష, మొత్తం 57. పది సెషన్ల తర్వాత అదే థెరపిస్టు మళ్లీ తీయాలి. రెండింటిలో దేనిలోనైనా ఐదారు మార్కులు పెరిగితే అది నిజమైన మార్పు, మరో పదికి కట్టొచ్చు. ఒకటి రెండు పెరగడం పరీక్ష పెట్టే చేతిలో తేడా వల్ల కూడా వస్తుంది. ఆట స్కోరు పెరిగిందని చూపిస్తే అది ఆటలో నేర్పు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

వెళ్లలేకపోతే? ఇంట్లోనే అలాంటి బల్ల తయారు చేయొచ్చు. సన్‌మైకా వేసిన నున్నటి టేబుల్, ఆయన కూర్చుంటే బొడ్డు ఎత్తుకి కాస్త పైన ఉండాలి. క్యారమ్ బోర్డు వాడదామనిపిస్తుంది గానీ దాని చెక్క అంచు ముంజేతికి ఒత్తుకుంటుంది. పౌడరు మాత్రం క్యారమ్ పౌడరే మంచిది, చిటికెడు చాలు, కింద పడితే తుడిచేయండి, జారతారు. అరచేతి కింద నాలుగు మడతల చేతిరుమాలు. టేబుల్ మీద సుద్దతో మధ్యలో ఒక చుక్క, చుట్టూ ఎనిమిది చుక్కలు గీయండి. మొదట మధ్య చుక్క నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, తర్వాత 20, 25. వీపుకీ కుర్చీకీ మధ్య ఒక మడతపెట్టిన న్యూస్‌పేపర్ పెట్టండి. అది జారి కింద పడిందంటే నడుం వంచారన్నమాట, ఆ కదలిక లెక్కలోకి రాదు. ఖర్చు లేని ఛాతీ పట్టీ ఇది.

లెక్కకి చింతపిక్కలు చాలు. పది కదలికలకి ఒక పిక్క ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయండి. రోజుకి ముప్పై పిక్కలు, అంటే మూడు వందలు. ఒక్కసారిగా కాదు, ఉదయం పదిహేను, సాయంత్రం పదిహేను. మొదటి వారం పది పిక్కలకే అలసిపోతే పదే, రెండు రోజులకొకటి పెంచండి. సగం పిక్కలు బల్ల మీద జారించడానికి, మిగతా సగం తెరవడానికి. తెరవడానికి మంచి సాధన: ముంజేయి టేబుల్ అంచు మీద పెట్టి, చెయ్యి అంచు బయట వేలాడనిచ్చి, మణికట్టుని పైకి లేపమనండి. ఇంకోటి, నలిపిన చేతిగుడ్డని వేళ్లతో ఎత్తి వదిలేయడం. ఎత్తడం కంటే వదలడమే కష్టం, అందుకే అది చేయించాలి. మణికట్టుతోపాటు బొటనవేలు, ఇంకో రెండు వేళ్లు తమంతట తాము పది డిగ్రీలు లేస్తే, అంటే వేలు కొద్దిగా పైకి లేచి కంటికి స్పష్టంగా కనిపిస్తే, ఇంకో మంచి దారి తెరుచుకున్నట్టే. ఎడమ చేతికి రెండు వారాలు తొడుగు వేసి కుడి చేత్తోనే పనులు చేయించే పద్ధతి అది. 2006లో వచ్చిన ఎక్సైట్ అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మంది మీద పరీక్షిస్తే బాగా పనిచేసింది. అప్పుడు రోబో అవసరమే ఉండకపోవచ్చు.

సాధన తర్వాత నొప్పి ఆ రాత్రికి పెరిగి, తెల్లారినా తగ్గకపోతే మర్నాడు సగమే చేయించండి. సాధన మధ్యలో మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఎడమ వైపు కూడా బలం తగ్గడం కనిపిస్తే చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు.

ఆదివారం ఒక్కసారి, అదే టేబుల్, అదే కుర్చీ, ఫోన్ అదే చోట ఆనించి ఒక నిమిషం వీడియో తీయండి. చుక్క ఎంత దూరం అందిందో టేపుతో కొలిచి తేదీ పక్కన రాయండి. ఆ తర్వాత కొట్టుకి సంబంధించిన పని ఒకటి పెట్టండి. ఖాళీ కవరు మూతిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఎడమ చేత్తో ఒక గ్లాసు శనగలు పోయమనండి. మొదట్లో కవరు మూతిని మీరు గట్టి అట్టముక్కతో మడిచి ఇస్తే పట్టు దొరుకుతుంది. పది సార్లలో ఎనిమిది సార్లు ఒలకకుండా పోయగలిగాక అట్టముక్క తీసేయండి. అది కూడా కుదిరాక అరకిలో.